టీగన్ ఆర్పిన మంట

టీగన్ హోబర్ట్‌లో ఫైర్ సర్వీసు ఉద్యోగానికి బయోడేటా రాస్తోందనీ, అనుభవం అన్నచోట సాసేజీలు కాల్చడం తప్ప ఇంకేం లేదనీ ఎదురింటి నోరీన్ మా ఆవిడతో చెప్పిందట. నిజమే మరి. టాస్మేనియాలో మా ఊరంత వానకి తడిసే ఊరు ఇంకోటి లేదు, ఇక మంటలెక్కడ అంటుకుంటాయి. మా వాలంటీరు ఫైర్ దళంలో చేరిన దగ్గర్నుంచీ ఆ పిల్ల చందాల కోసం సాసేజీలు కాల్చింది, డిసెంబర్లో క్రిస్మస్ తాతని ఫైరింజనెక్కించి వీధివీధీ తిప్పింది. అంతే.

"తాతని తిప్పడాన్ని 'జనసమూహ నియంత్రణ' అని రాసెయ్," అన్నాను స్టేషన్లో దాని పక్కన కూర్చుని.

"రాశాను బాబాయ్. కానీ 'మీరు ఆర్పిన పెద్ద మంట ఏది?' అని దరఖాస్తులో అడిగారు. అది లేకపోతే ఇంటర్వ్యూకి పిలవనే పిలవరు."

కెప్టెన్ మెర్విన్ మీసం దువ్వాడు. "మా వంటింట్లో నూనె మూకుడు అంటుకోలేదుటే? రాయి! సైరన్ మోగించుకుంటూ వెళ్లాం, లోపలికి దూకాం, ఇల్లు కాపాడాం!"

టీ తెస్తున్న ఆయన భార్య గ్వెన్ గుమ్మంలోనే ఆగింది.

"మీరంతా వచ్చేసరికి నేనే మూత పెట్టి ఆర్పేశాను. బూట్లయినా విప్పకుండా కూర్చుని నా కేకంతా తినిపోయారు. అదీ రాయించు."