ఆరున్నర అడుగుల మంచం

చర్చి నుంచి వచ్చిన లూకా చొక్కా మార్చుకునేలోపే మంచం వచ్చేసింది. విడిభాగాలను ట్రాలీ ఆటోలో వేసుకుని, డ్రైవరు పక్కన ఇరుక్కుని, బోయిగూడ నుంచి అల్వాల్ దాకా తనే తెచ్చాడు సోమాచారి. మేడమీది ఒంటిగదిలో బిగించేసరికి ఇక నడవడానికి చోటు లేదు.

"సోమూ, ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చాలన్నాను కదరా. ఇది ఐదుంది."

"తప్పైంది" అన్నాడు సోమాచారి, సుత్తి సంచిలో వేసుకుంటూ.

తప్పా? ఆరో తరగతి నుంచి స్నేహం వాళ్లది. ఈ ఇరవై ఏళ్లలో సోమాచారి చేసిన వస్తువులో వెంట్రుకవాసి తేడా లూకా ఎరగడు. వాళ్ల నాన్న దగ్గర వడ్రంగం నేర్చిన చెయ్యి అది.

ఇంతలో టిఫిన్ కేరియర్, టీ ఫ్లాస్కు పట్టుకుని లూకా తల్లి జ్ఞానమణి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. కొడుకు ఉద్యోగానికి దగ్గరని తిరుమలగిరి ఇల్లు వదిలి ఇక్కడ గది తీసుకోవడం ఆమెకు నచ్చలేదు. మంచం చూడగానే మాత్రం మొహం వెలిగిపోయింది.

"ఓహో! ఒకరికి ఇంత మంచమా? పెళ్లికి నోటితో ఒప్పుకోడానికి సిగ్గేసి మంచంతో చెప్పాడు, చూశావా సోమయ్యా!"

"అట్ల గాదాంటీ..."

"నువ్వూరుకో. ఇద్దరూ ఇద్దరే. కూర్చో, టీ తెచ్చాను."

సోమాచారి కూర్చోలేదు. "మా నాయిన మాట ఉన్నదాంటీ. చేసినోడు కూసున్నడంటే ఆ మంచం వాని ఇంటిదే. ఇంకొకలకు ఇయ్యొద్దు."

"అయితే నిలబడే తాగు. ఒరేయ్, దేవకృప వాళ్లకి ఇవాళ ఏదో ఒకటి చెప్పాలి. పాస్టరమ్మగారు మూడు వారాలుగా అడుగుతున్నారు. కిందకెళ్లి ఫోన్ చేస్తాను, ఇక్కడ సిగ్నల్ లేదు." అంటూనే మెట్లు దిగింది.

దేవకృప మంచి పిల్ల. క్వయర్‌లో చక్కగా పాడుతుంది. మరి తను ఎందుకు ఔననలేకపోతున్నాడో లూకాకే తెలియదు. మూడు వారాలుగా అదే వింతగా ఉంది. సంబంధం సంగతి చెప్పినప్పుడు సోమాచారి "మంచిగుంది, చేసుకో" అన్నాడు. ఆ తర్వాత పదకొండు రోజులు కనిపించలేదు. ఆ రోజులు తను ఎందుకు లెక్కపెట్టుకున్నాడన్నది ఇంకో వింత.

"నీ టేపు ఇలా ఇవ్వు."

"ఎందుకురా?"

లూకా తనే సంచిలోంచి టేపు తీసి మంచం పొడవు కొలిచాడు. మళ్లీ కొలిచాడు. ఆరున్నర అడుగులు.

"ఇది కూడా తప్పేనా?"

సోమాచారి కిటికీ వైపు తిరిగాడు.

లూకా ఐదడుగుల ఐదంగుళాల మనిషి. దేవకృప అతని భుజం దాటదు. పదో తరగతి పరీక్షలప్పుడు తమ ఇంట్లో చదువుకుని పడుకుంటే కాళ్లు మంచం దాటి వేలాడే మనిషి ఒక్కడే. "ఒంటెకి మంచమేం చాలుతుంది!" అంటూ జ్ఞానమణి అటువైపు స్టూలు వేసి దాని మీద దిండు పెట్టేది.

"ఎవరి కొలతరా ఇది?"

"కొలత తీసుకోలే. చెయ్యి దానంతటదే పోయింది. మూడు దినాలైనంక సూసుకున్న. కోసెయ్యొచ్చు. కొయ్యబుద్ధి కాలే."

లూకా టేపు చుట్టేశాడు.

"నీకు తక్లీఫైతే చెప్పు. రంపం తెచ్చిన. ఇప్పుడే కోస్తా." నిజంగానే రంపం బయటికి తీశాడు.

భయం వేస్తుందనుకున్నాడు లూకా. వెయ్యలేదు. ఇల్లంతా వెతికిన తాళంచెవి సొంత జేబులోనే దొరికితే వస్తుందే, అలాంటి నవ్వొచ్చింది. ఇదా! ఇన్నాళ్లూ ఇదేనా?

రంపం అందుకుని గోడకు ఆనించాడు.

"కూర్చో."

"లూకా, జెర ఆలోచించు. కూసుంటే..."

"తెలుసు. ఇందాకే విన్నాను. కూర్చో."

సోమాచారి కూర్చున్నాడు, పరాయివాళ్లింటికి మొదటిసారి వచ్చినవాడిలా ఒక అంచున. మంచం కిర్రుమనలేదు.

కింద నుంచి కేక వినిపించింది. "ఒరేయ్ లూకా! ఫోన్ లైన్లో ఉంది. ఏమని చెప్పనురా?"

లూకా కిటికీలోంచి తల బయటపెట్టాడు. "వద్దని చెప్పమ్మా!"

కింద జ్ఞానమణి ఫోన్లో ఏదో సర్దిచెప్పడం వినిపించింది. తర్వాత, "మరి అంత మంచం దేనికిరా?"

"పైకి రా, చెప్తాను!"

సోమాచారి గాభరాగా లేవబోయాడు. లూకా అతని భుజం మీద చెయ్యి వేసి మళ్లీ కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చున్నాడు.

"ఏం చెప్తవ్‌రా ఆంటీకి?"

"ఇంకా తెలీదు" అన్నాడు లూకా. "అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లేమో ఇరవై రెండు. ఆలోపు ఆలోచిద్దాం, జరుగు."