ఎన్ని గంటలు తీయమంటారు

కిన్నిగోళిలో పెళ్ళి కుదిరిందంటే ముందు చర్చి ఖాళీ చూస్తారు, తర్వాత హాలు, ఆ తర్వాత బెనెట్ స్టూడియోకి వెళ్ళి ఫొటోలూ వీడియో ఎన్ని గంటలు తీయాలో తేల్చుకుంటారు. గొడవంతా ఈ మూడోదాని దగ్గరే. ఎందుకంటే బెనెట్ కెమెరాలో పడ్డది ఎవరికీ గుర్తుండదు. వీడియోలో భద్రంగా ఉంటుంది, బుర్రలోంచి మాత్రం పోతుంది. తీసిన బెనెట్‌కీ అంతే. అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది.

అందుకని తెలివైనవాళ్ళు ఆచితూచి తీయిస్తారు. పెళ్ళి ముందురోజు రోస్ అని పిల్ల నెత్తిన కొబ్బరిపాలు పోస్తారు కదా, ముందు పెద్ద మేనమామ పొయ్యాలా, చిన్న మేనమామ పొయ్యాలా అని ఏ ఇంట్లో చూసినా కాలర్లు పట్టుకోవడమే. ఆ రెండు గంటలూ కెమెరా తిరగాల్సిందే. మర్నాటికి మేనమామలిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని పందిమాంసం లొట్టలేసుకుంటూ తింటారు. తల్లి దీవించేటప్పుడు మాత్రం బెనెట్‌ని టీ తాగి రమ్మని బయటికి పంపేస్తారు. దీవెన గుర్తుండాలి మరి.

సెలెస్తిన్ బాయికి ఇదంతా తెలియక కాదు. కూతురు ప్రెసిల్లా నిశ్చితార్థం మొత్తం తీయించాల్సిందేనని, వంటింటిని కూడా వదలొద్దని పెళ్ళికొడుకు తల్లి గ్రెటా బాయి పట్టుబడితే, మొదట్లోనే ఎదురు చెప్పడం ఎందుకని తలూపేసింది. దాంతో ఆ రోజు తల్లికీ కూతురికీ నలుసంత కూడా గుర్తులేదు. మర్నాడు ప్రెసి మణికట్టు కమిలి ఉంటే, గాజులు బిగుతై ఉంటాయిలే అని ఈవిడే బామ్ రాసింది. పిల్ల మాత్రం పెళ్ళికొడుకు ఎల్టన్ మీద ప్రాణాలు పెట్టేసుకుంది. సాయంత్రమైతే చాలు, ఫోన్లో ఒకటే నవ్వులు.

ఇప్పుడు పెళ్ళికి కూడా రెండు రోజులూ పూర్తిగా తీయించమని గ్రెటా బాయి ఫోన్ చేసింది.

"పెళ్ళయ్యాక పిల్ల గురించి మీకు బెంగే అక్కర్లేదు బాయీ. మా ఇంటికి బెనెట్ దగ్గరే సొంత కెమెరాలు కొనుక్కున్నాం, గదిగదికీ పెట్టించాం. మా పెద్దకోడలిని చూడండి. ఆరేళ్ళ కాపురంలో ఒక్క కష్టం గుర్తులేదు దానికి."

ఆ మాట వింటే సెలెస్తిన్‌కి గుండె మీంచి బరువు దింపినట్టయింది. ఆవిడ పెళ్ళికి కెమెరా లేదు, కాపురానికీ లేదు. చచ్చిపోయిన మొగుడు కొట్టిన ప్రతి దెబ్బా, ఏ గుమ్మం దగ్గర కొట్టాడో సహా, ఆవిడకి గుర్తుంది.

పెళ్ళి వీడియో మొదటినుంచి చివరిదాకా కూర్చుని చూసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? నిశ్చితార్థం ఆల్బమ్‌కి ఫొటోలు ఏరడానికి స్టూడియోకి వెళ్ళిన సెలెస్తిన్ కూడా చూసేది కాదు. వాన పట్టుకుంది. గొడుగు లేదు. సరే, ఆ వీడియో వెయ్యవయ్యా అంది.

తెరమీద, చర్చిలో పాటలు పాడే పిల్లలతో ప్రెసి ఏదో అని పకపకా నవ్వింది. పక్కనున్న ఎల్టన్ నవ్వుమొహం చెదరకుండా దాని చెయ్యి పట్టుకుని మెలిపెట్టాడు. రెండడుగుల దూరంలో నిలబడి సెలెస్తిన్ అది చూసింది. చూసి, ఇక కేకు కోయిద్దామా ఫాదర్ అంది. తర్వాత వంటింట్లో ప్రెసి తల్లిని పట్టుకుని ఏడుస్తూ, నాకీ పెళ్ళి వద్దు మాయీ అంటోంది.

"మొహం తుడుచుకో," అంటోంది తెరమీది సెలెస్తిన్. "కెమెరా ఉందిగా. సాయంత్రానికి నీకే గుర్తుండదు."

వాన వెలిసింది. ఆవిడ ఇంటికొచ్చి కూతురికి చెప్పలేదు. గుర్తులేని దెబ్బ దెబ్బెలా అవుతుంది అని తనకి తనే సర్దిచెప్పుకుంది. కార్డులు పంచింది. ఎర్ర చీర కొంది, దాన్ని ప్రెసి భుజం మీద వేసి చూసి మురిసిపోయింది కూడా. అలా పదకొండు రోజులు. పదకొండోనాడు గ్రెటా బాయి పెద్దకోడలు, తాము పెట్టే పెళ్ళిచీరకి ప్రెసి జాకెట్టు కొలతలకని వచ్చింది. నవ్వుతూనే ఉంది. టీ కప్పు అందుకోబోతే కుడి మోచెయ్యి చాచలేకపోయింది. ఏమైందమ్మా అని సెలెస్తిన్ అడిగింది.

"ఏమో బాయీ," అందా పిల్ల నవ్వుతూనే. "పుట్టుకతోనే ఇంతేమో."

మర్నాడు పొద్దున్నే సెలెస్తిన్ కూతుర్ని స్టూడియోకి తీసుకెళ్ళింది. బెనెట్ పుస్తకం తెరిచి ఎన్ని గంటలు తీయమంటారు బాయీ అన్నాడు. ముందు ఆ నిశ్చితార్థం వీడియో వెయ్యమంది. ఏ ముక్కో చెప్పేసరికి బెనెట్‌కి విషయం అర్థమైంది. మంచివాడే పాపం. ఇలాంటివి చూసేటప్పుడు పక్కన కెమెరా పెట్టించుకుంటారు, ఏడ్చేది ఏడ్చి తేలిగ్గా ఇంటికెళ్తారు, పెట్టనా అని అడిగాడు.

"వద్దు," అంది సెలెస్తిన్. "దీనికి గుర్తుండాలి."

ప్రెసి కదలకుండా చూసింది. వంటింటి ముక్క వచ్చేసరికి తెర వదిలేసి తల్లికేసి తిరిగింది.

"ఇదెప్పుడు చూశావు మాయీ?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. సెలెస్తిన్ మింగేసింది.

"పన్నెండు రోజులైంది."

"అంటే చీర కొన్నప్పుడు తెలుసు."

"తెలుసు."

"అప్పుడు కెమెరా లేదుగా మాయీ," అంది ప్రెసి.

బెనెట్ పుస్తకంలో గంటల సంఖ్య రాయాల్సిన చోట ప్రెసి తనే అడ్డంగా గీత కొట్టి లేచి వెళ్ళిపోయింది. పెళ్ళి ఆగింది. గ్రెటా బాయి ఊరంతా తిరిగి తిట్టిపోసింది. ఆవిడ కెమెరాలు ఆవిడ ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి ఆ తిట్లు మాత్రం అందరికీ గుర్తున్నాయి.

ప్రెసి ఉడుపిలో ఉద్యోగం చూసుకుంది. క్రిస్మస్‌కి వచ్చేది, అన్నం తినేది, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేది. మూడేళ్ళకి అక్కడే ఎవరో మంచి కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంది. ఒక్క గంటకి కూడా కెమెరా పెట్టించలేదట. తల్లిని పిలవలేదు. కూతురు పెళ్ళికూతురిగా ఎలా ఉందో చూసుకోవడానికి సెలెస్తిన్ దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు.