డెక్లాన్ మొదటి ట్రై

మా ఆయన డెక్లాన్ ఐర్లాండ్ తరఫున రగ్బీ ఆడాడు. మాది కాకినాడ, ఆయనది కార్క్. ఇద్దరం వలసొచ్చిన ఈ చలిదేశంలో, గ్వెల్ఫ్ ఊరి హాస్పిటల్లో నేను నర్సుని, ఆయన విరిగిన వేలు పట్టుకుని వచ్చిన పేషెంటు. అలా కుదిరింది. ఆ పచ్చ జెర్సీ మా హాల్లో ఫ్రేము కట్టి ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్ళు "ఎన్ని ట్రైలు కొట్టారండీ?" అని అడగడం, ఆయన మొహం ముడుచుకోవడం, నేను టీ పెట్టే నెపంతో లోపలికి జారుకోవడం మామూలే.

ట్రై అంటే బ్రహ్మవిద్యేం కాదు. బంతి పట్టుకెళ్ళి అవతలివాళ్ళ గీత మీదో, దాటాకో నేలకి ఆనించాలి. మా ఆయన కెరీర్ మొత్తంలో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆయన పని ముందు వరసలో తల దూర్చి తొయ్యడం. ఈయన తోస్తే ఇంకెవడో పరిగెత్తి పేరు కొట్టేసేవాడు.

ఇప్పుడు యాభై దాటాయి. కుడి మోకాలు అరిగిపోయింది, మార్చాల్సిందే అన్నారు. ఇక్కడ సర్జరీ డేట్ దొరకడమంటే మాటలా? అలా వచ్చినదాన్ని కేన్సిల్ చేయించాడు మహానుభావుడు. "ఒక్క ట్రై కొట్టాక చేయించుకుంటా షెర్లీ" అంటాడు. మెట్లు దిగుతూ ఆయన మూలుగుతుంటే వినేది నేను. ఒళ్ళు మండేది, ఏడుపూ వచ్చేది. మళ్ళీ డేట్ వచ్చింది. సోమవారంలోగా ఔనో కాదో చెప్పాలి. శనివారం ఈయన ఆడే మా ఊరి పాత ఆటగాళ్ళ టీమ్‌కి సార్నియా ఊరి వెటరన్స్‌తో మ్యాచ్.

ఇలా లాభం లేదని సార్నియా కెప్టెన్ కెవిన్‌కి ఫోన్ చేశా. మ్యాచ్ అయ్యాక బయటినుంచి వచ్చిన టీమ్‌కి ఊరివాళ్ళు భోజనం పెట్టడం రగ్బీలో ఆచారం.

"ఈసారి వంట నాది. కోడి వేపుడు, పలావు. చివర్లో మా ఆయనకి బంతి దొరికితే మీవాళ్ళు కాస్త పక్కకి జరగాలి" అన్నా.

"వేపుడు బాగా కారంగా ఉంటుందా?" అన్నాడు కెవిన్. బేరం కుదిరిపోయింది.

మా టీమ్‌లో ఒకరు తగ్గితే మా ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే గోపీకృష్ణని దింపారు. నల్గొండ మనిషి, కారు పార్టుల ఫ్యాక్టరీలో పని. ఒకప్పుడు జిల్లాకి కబడ్డీ ఆడాడు. నన్ను అక్కా అంటాడు, డెక్లాన్‌ని బావా అంటాడు. నోట్లో నువ్వుగింజ నానదు, అందుకే మా ఒప్పందం అతని చెవిన వెయ్యలేదు.

ఆఖర్లో బంతి డెక్లాన్ చేతికొచ్చింది. సార్నియావాడు ఒకడు ఉత్తపుణ్యానికి జారిపడ్డాడు. ఇంకొకడు బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఇంత చెత్త నటన మా చర్చి క్రిస్మస్ నాటకంలో కూడా చూడలేదు నేను. డెక్లాన్ కుంటుతూ పరిగెత్తేవాడల్లా నెమ్మదించి అటూ ఇటూ చూశాడు. అనుమానం వచ్చేసింది. జాలిపడి ఇస్తున్నారని తెలిస్తే బంతి అక్కడే పడేస్తాడు, సర్జరీ మాట మళ్ళీ ఎత్తనివ్వడు.

అప్పుడొచ్చాడు వెనకనుంచి గోపీకృష్ణ. గీత వైపు పోయే మనిషి కనిపిస్తే కబడ్డీ ఆడినవాడి ఒళ్ళు ఊరుకోదు కదా, మనవాడా పరాయివాడా అని చూడదు. ఎగిరి బావ మడమ పట్టేశాడు. డెక్లాన్ బోర్లా పడ్డాడు. గీత ఇంకా మూరెడు దూరం. సచ్చినోడా, ఎంత పని చేశావురా అనుకున్నా.

మా ఆయన వెనక్కి చూడలేదు. పళ్ళు బిగించి, ఒళ్ళంతా సాగదీసి, చెయ్యి చాచి బంతిని గీత మీద ఆనించాడు. రిఫరీ విజిల్ వేసి ట్రై ఇచ్చేశాడు.

పరిగెత్తుకెళ్ళా. మొహమంతా బురద, నవ్వుతున్నాడు, కళ్ళమ్మట నీళ్ళు.

"చూశావా షెర్లీ, ఆఖరిదాకా వదల్లేదు వీళ్ళు. ఒక మొండివాడు ఇంకా కాలు పట్టుకునే ఉన్నాడు."

గోపీకృష్ణ నోరు తెరవబోయాడు. కళ్ళతోనే ఉరిమా. కాలు వదిలేసి, మెల్లగా వెనక్కి జరిగి గుంపులో కలిసిపోయాడు.

భోజనాల దగ్గర డెక్లాన్ కెవిన్ భుజమ్మీద చెయ్యేశాడు. "మీవాళ్ళలో ఎవరిదయ్యా ఆ పట్టు?"

కెవిన్ ఎముక చప్పరిస్తూ, "నాదే" అన్నాడు. గోపీకృష్ణకి పొలమారింది.

డెక్లాన్ నా వైపు తిరిగి, "సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే ఔనని మెసేజ్ పెట్టెయ్" అన్నాడు. ఫోన్ తీశా. ఆయన మాట మార్చేలోపే ఔనని కొట్టి పంపేశా.