మడత కుట్టని పట్టీ

మా బావకు జాలి ఎక్కువ. ఆ జాలితోనే మా అక్క సైకిల్‌ని తన చెల్లెలి కూతురికి ఇచ్చేస్తానని మాటిచ్చి వచ్చాడు. అక్కను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

బేకరీలో వేడి ట్రే తగిలి అక్క కుడి అరచెయ్యి కాలింది. పుండు మానింది గానీ కొత్త చర్మం పల్చగా, ఎర్రగా ఉంది. హ్యాండిల్‌కున్న రబ్బరు గ్రిప్పుల నిండా గరుకు గీతలు. పట్టుకుంటే ఆ చర్మం కాస్తా లేచిపోతోంది. బేకరీలో పని తెల్లవారకముందే మొదలవుతుంది, ఆ వేళకు బస్సులుండవు. సైకిల్ లేకపోతే అక్కకు ఉద్యోగం లేదు, అంతే. బావకు ఈ సంగతి తెలియక కాదు. ఇన్నాళ్లు కష్టపడింది చాలు, ఇక ఇంట్లో కూర్చోనీ అన్నాడు నాతో, మా నెత్తిన పాలు పోస్తున్నట్టు. అక్కేమో సోమవారం నుంచి పనిలోకి వస్తానని యజమానికి చెప్పి ఉంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను వాళ్ల పై గదిలోనే ఉంటాను, బట్టలు కుడతాను. ఆ గ్రిప్పులు కోసి పారేసి హ్యాండిల్‌కి గుడ్డ పట్టీ చుట్టి ఇస్తానన్నాను. సైకిల్‌కి కూడా చొక్కా కుడతావా అని నవ్వాడు బావ. కుడతాను, మీకేం నష్టం అన్నాను.

గుడ్డ ఎంచుకోవడంతోనే తల ప్రాణం తోకకొచ్చింది. శాటిన్ మెత్తగానే ఉంది, చెమట తగిలితే జారిపోతుంది. కాన్వాసు జారదు, గీరుకుంటుంది. కొత్త నూలు గుడ్డ నిండా గంజే. ఒక్కో ముక్కా అక్క అరచేతికి ఆనించి మొహం చూశాను. చివరికి నా ఇస్త్రీ బల్ల మీద పరిచిన మందపాటి నూలు దుప్పటి పనికొచ్చింది. ఉతికి ఉతికి మెత్తబడిపోయింది. అక్క దాన్ని పట్టుకుని వదల్లేదు. ఇస్త్రీ బల్ల బోసిపోతే పోయిందిలే అనుకున్నాను.

హ్యాండిల్ వంపు దగ్గర ముడతలు పడకుండా సాగాలంటే పట్టీని క్రాస్‌గా, అంటే నేతకు ఏటవాలుగా కత్తిరించాలి. అలా కోస్తే అంచుకు పోగులు కూడా ఊడవని అక్కకు నేనే చెప్పాను. చెప్పినదాన్ని ఊరుకోవచ్చు కదా. మడిచి కుట్టని పచ్చి అంచు కంటబడితే నా చేతులు ఆగి చస్తేనా. రెండు పక్కలా సన్నగా మడిచి మిషన్ మీద కుట్టేశాను. హ్యాండిల్ కొస నుంచి మొదలుపెట్టి, ఒక చుట్టు మీదికి ఇంకో చుట్టు సగం ఎక్కేలా లాగి చుట్టి, చివర దారంతో బిగించాను. బ్రహ్మాండంగా కుదిరింది. దారిన పోయేవాళ్లు కూడా ఆగి చూశారు.

సోమవారం పని నుంచి వచ్చిన అక్క చెయ్యి వెనక్కి పెట్టుకుని లోపలికి పోబోయింది. బావ ఆ చెయ్యి లాగి చూశాడు. అరచేతి మీద వరసగా గాట్లు, ఒకచోట చర్మం లేచి నెత్తురు చెమ్మ. అన్నీ నేను కుట్టిన మడతలు ఒత్తుకున్నవే.

ఇక బావకు పండగే. చెప్తే విన్నారా అక్కాచెల్లెళ్లు అంటూ, పొద్దున్నే సైకిల్ ఇచ్చి వస్తానన్నాడు. ఆయన మీద కోపం, నా మిషన్ మీద కోపం, అన్నిటికన్నా అక్క మీద కోపం ముంచుకొచ్చింది నాకు. నొప్పి పుడుతోందని ముందే నోరు విప్పి ఏడవొచ్చు కదా అని మీద పడ్డాను.

"ఎలా ఉందని నువ్వడగలేదే," అంది అక్క. "బాగుంది కదా అన్నావు."

అక్క పట్టీ విప్పుకుని గడప మీద కూర్చుంది. ఎడమ చేత్తో బ్లేడు పట్టుకుని నా కుట్లన్నీ ఒక్కొక్కటే ఊడదీసింది. నేను తీస్తానంటే వినదే. మడతలు విప్పి, ఇస్త్రీ చేసి, అంచులు పచ్చిగానే వదిలేసి తనే చుట్టుకుంది. ఒక చుట్టు ఎక్కువ, ఒక చుట్టు తక్కువ, అంతా వంకర టింకర. చూడలేక నా గదిలోకి పోయాను.

మర్నాడు ఇంకా తెల్లవారకముందే నేను మెట్లు దిగేసరికి బావ సైకిల్‌ని వీధిలోకి దించాడు. అక్క పని బట్టల్లో ఎదురుగా నిలబడి ఉంది. బావ గొంతు తగ్గించి, మాటిచ్చానని, ఇప్పుడు కాదంటే చెల్లెలి దగ్గర తల ఎత్తుకోలేనని చెబుతున్నాడు. నీ మంచికే కదా అని కూడా అన్నాడు. ఆయన్ని నాలుగు దులుపుదామని నేను ముందుకు వచ్చాను. అక్క నా వైపు చూడనైనా లేదు. బావ పట్టుకున్న పట్టీ వైపే చూస్తోంది.

"చెయ్యి తియ్యండి," అంది. "అది నేను పట్టుకునే చోటు."

బావ తీశాడు. అక్క ఎక్కి పోయింది. వీధి దీపాల వెలుతురులో మలుపు తిరిగేదాకా చూశాను. కుడి చెయ్యి హ్యాండిల్ మీంచి ఒక్కసారి కూడా లేవలేదు.