ఎనిమిది రుమాళ్ల పడుగు

2011 సెప్టెంబరు పదమూడు. ఎల్బీ నగర్‌లోని సిద్ధిరాములు ఇంట్లో ఆ పూట జొన్నరొట్టె, పుంటికూర. తెలంగాణ కోసం మొదలైన సకల జనుల సమ్మెతో దిల్‌సుఖ్‌నగర్‌లో తను పనిచేసే చీరల కొట్టు మూతపడేసరికి, అతను తిన్న చెయ్యి కడుక్కుని నూలుకు ఆముదం పట్టించడం మొదలుపెట్టాడు.

ఇరవై ఏళ్ల కిందట వదిలేసిన విద్య. తేలియా రుమాలు. పడుగు అనే నిలువు నూలుకీ, అడ్డం నూలుకీ ముందే కట్లు కట్టి రంగులో ముంచాలి. రెండూ మగ్గం మీద కలిసినప్పుడే బొమ్మ తేలుతుంది. ఒక పడుగుకు ఎనిమిదే రుమాళ్లు, ఆ తర్వాత ఆ బొమ్మ మళ్లీ పుట్టదు. ఈసారి బొమ్మ దగ్గర్లోని నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్ మీద తిరిగే చిన్న శిక్షణ విమానం.

"గివి సక్కగ రాకుంటె మగ్గం అమ్మేస్త," అని భార్య కనకమ్మకు తెగేసి చెప్పాడు.

ముప్పై తొమ్మిదో రోజున పడుగు మగ్గమెక్కింది. మొదటి రుమాలుకు కావలసిన అడ్డం నూలును కనకమ్మ కండెలకు చుట్టి, చుట్టిన వరుసలోనే దారానికి గుచ్చింది. పక్కింటి పట్టాభి పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డ లెక్చరరు.

"ఇంత కష్టపడి రుమాలా? తల తుడుచుకోవడానికా, సిద్ధిరాములు గారూ?"

"మీ గోంగూర తిన్నంక మూతి తుడ్సుకొనీకి, సారూ!"

నవ్వుతూనే, సాయం చేద్దామని పట్టాభి కండెలన్నీ దారం నుంచి తీసి బుట్టలో పొందిగ్గా పేర్చాడు.

కనకమ్మ కెవ్వుమంది. "అయ్యో సారూ! వరుస పోయినంక రెక్కేదో తోకేదో ఎట్ల తెలుస్తది?"

పట్టాభి మొహం తెల్లబోయింది. సిద్ధిరాములు ఒక కండె తీసి, మూరెడు నూలు విప్పి, పడుగు మీది గుర్తుల పక్కన పెట్టి చూశాడు. ఇంకోటి తీశాడు. ముగ్గురూ కూర్చుని మధ్యాహ్నం దాకా కండె వెంట కండె వెతికారు. అన్నం మాటే మరిచారు.

"ఇదేనండీ రెక్క! దొరికిందండీ!" పట్టాభి కేకేశాడు.

"జర ఆగుండ్రి, అది తోక."

పొద్దు వాలుతుండగా, కండె పెట్టిన నాడె పడుగు మధ్య అటూ ఇటూ కదిలింది. తోక వచ్చింది. రెక్కలు విచ్చుకున్నాయి. ముక్కు తేలగానే పట్టాభి లేచి చప్పట్లు కొట్టాడు. ఎడమ రెక్క అంచు మాత్రం పోగంత పక్కకు జరిగి మసకబారింది.

"పాడైందాండీ?" పట్టాభి వంగి చూశాడు.

"ఎగిరేటిది అదరదా సారూ?" అంది కనకమ్మ.

సిద్ధిరాములు ఆ అంచును వేలితో తడిమి పకపకా నవ్వాడు. "రేపు రెండోదానికి కండెలు సుట్టు, కనకం."

పట్టాభి వెళ్లాక, దుమ్ము పడకుండా మగ్గం మీద పాత దుప్పటి కప్పాడు. అంచు ఎత్తి ఇంకోసారి చూసుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.