ఇసుక కింద దుంప

“ఆ వెడల్పాకుల మొక్కని నడిమధ్యకి జరుపు. నల్ల దుంప కనబడకుండా ఇసుక బాగా కప్పెయ్. వచ్చినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?” అన్నాడు భర్త, సోఫాలోంచి లేవకుండానే.

ఆమె కుడిచెయ్యి భుజం దాకా చేపల తొట్టిలో ఉంది. నైటీ చెయ్యి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఐదింటికి అతని ఆఫీసు స్నేహితులు వస్తున్నారు. అందుకని, తిన్న చెయ్యి ఆరకముందే తొట్టిలో మొక్కలన్నీ పీకి మళ్ళీ నాటే పని పడింది. పొడుగువి వెనక్కి, పొట్టివి ముందుకి. చెప్పడం అతని వంతు, చెయ్యడం ఎవరి వంతో వేరే చెప్పాలా! ఈ తొట్టి కొన్నది అతనే, కాదనడానికి లేదు. కొన్న వారానికే సరదా తీరిపోయింది. అప్పట్నుంచీ నీళ్ళు తోడి పోయడం, అద్దానికి పట్టిన నాచు గీకడం, పండిన ఆకులు కత్తిరించడం, అన్నీ ఆమె నెత్తిన పడ్డాయి. నలుగురి ముందూ మాత్రం “ఓపికుండాలండీ, మొక్కల్ని పిల్లల్లా చూసుకోవాలి” అంటాడు మహానుభావుడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా?

“ఈ మొక్కకి దుంప పైకే ఉండాలండీ. వేళ్ళు రాయిని పట్టుకుంటే చాలు. ఇసుకలో పూడిస్తే కుళ్ళిపోతుందని పోయిన నెలే చెప్పాను” అంది.

“మొక్కని పాతకూడదని నీ దగ్గరే వింటున్నా. ల్యాబులో నీళ్ళు పరీక్ష చేసేవాళ్ళకి అన్నీ తెలిసిపోతాయేంటి?”

“వాడికి నచ్చినట్టు పెట్టేస్తే పోలా, నీళ్ళమ్మా? మాటకి మాట ఎప్పుడు నేర్చావు?” అంది అత్తగారు, బఠాణీలు వొలుస్తూ. నీళ్ళమ్మ ఆవిడ పెట్టిన పేరే. పగలంతా ల్యాబులో సీసాల నీళ్ళు, ఇంటికొస్తే అంట్లు, బట్టలు, ఈ తొట్టి. ముద్దుపేరేనట.

ఇదివరకు ఇలాంటివే రెండు మొక్కలు పోయాయి. అతను పూడ్చమన్నాడు, ఆమె పూడ్చింది, అవి కుళ్ళాయి. రెండుసార్లూ “నీ చెయ్యి మంచిది కాదు, ఏదీ బతకదు” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడలేదు. గురువారం ల్యాబులో పెద్ద మేడం పిలిచి, పక్క ఊళ్ళో కొత్త ల్యాబు పెడుతున్నాం, దాని బాధ్యత నువ్వు తీసుకో, అన్నప్పుడు కూడా ఆమెకి మొదట గుర్తొచ్చింది ఆ మాటే. “పద్నాలుగేళ్ళుగా అదే కుర్చీ. ఇంకెన్నాళ్ళు? ఆదివారం సాయంత్రంలోగా చెప్పు. లేదంటే వేరే పేరు పంపేస్తాను” అంది మేడం. ఆ రోజు భోజనాల దగ్గర భయపడుతూనే ఆ సంగతి చెప్పింది. అతను ముద్ద మింగి, “నువ్వెళ్తే ఈ చేపల్నెవరు చూస్తారు?” అన్నాడు. తల్లీ కొడుకూ విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తర్వాత బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది. పోనీ, నువ్వుండాలి అని అబద్ధానికైనా అనలేదే! చేపలట. ‘ఇంటి పరిస్థితుల వల్ల రాలేను మేడం’ అని శుక్రవారమే టైపు చేసి పెట్టుకుంది. ఇవాళే ఆదివారం, ఇక పంపడమే మిగిలింది.

వెడల్పాకుల మొక్కని మొదలు దగ్గర పట్టుకుని పైకి లాగింది. ఆకులు మాత్రమే చేతిలోకొచ్చాయి, పచ్చగా, నిగనిగలాడుతూ. ఇసుక కెలికి దుంప తీసింది. వేళ్ళ మధ్య మెత్తగా చితికిపోయింది. కంపు. పోయిన నెల అతని మాటకే దీన్నీ పూడ్చింది. నెల్లాళ్ళుగా పచ్చటి ఆకులు చూసి, ఏమో, ఈసారి బతుకుతుందేమో అనుకుంది. తెలిసి తెలిసి అలా ఎలా అనుకుంది? అతనికి తెలియదు సరే. తనకి తెలుసుగా! తెలిసీ చేతులారా పూడ్చింది, మూడుసార్లు. అతని మీద ఎంత కోపం వచ్చిందో, తన మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

దుంప చివర వేలెడంత ముక్క ఇంకా గట్టిగానే ఉంది, రెండు చిన్నాకులతో. కుళ్ళినదంతా కత్తిరించి పారేసింది. ఆ ముక్కని రాయి మీద పెట్టి నల్లదారంతో కట్టి తొట్టి నడిమధ్యన నిలబెట్టింది.

“అదేంటి? దారం కనిపిస్తోంది. ఇసుక కప్పమన్నానా?”

“కప్పను.”

బఠాణీలు వొలిచే చప్పుడు ఆగింది. ఆమె చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసి, టైపు చేసిపెట్టుకున్న మెసేజ్ చెరిపేసి, నంబరు నొక్కింది. “మేడం, నేను వస్తాను. ఒకటో తారీఖుకి చేరతాను” అంది.

భర్త సోఫాలోంచి లేచాడు. ఆమె వంక చూశాడు, తర్వాత తొట్టి వంక చూశాడు.

“మరి ఇదెవరు చూస్తారు?”

“చొక్కా చేతులు పైకి మడవండి” అంది. “మీవాళ్ళొచ్చేలోపు నాచు గీకడం నేర్పుతాను.”