ఆకుపచ్చ బస్సు

బస్సులకు రంగులు మార్చేవాళ్ల పేరెత్తితే శకుంతలకు ఒళ్లు మండిపోతుంది. ఆమె చూపు మందగించి చాలాకాలమైంది. బోర్డు మీది అక్షరాలు అలికేసినట్టుంటాయి, రంగులు మాత్రం తెలుస్తాయి. వాటినే పట్టుకుని ప్రతి శుక్రవారం ఏలూరు నుంచి ఒంటరిగా ఒక కొల్లేరు లంక ఊరికి వెళ్లి, అక్కడి ఆడపిల్లలకు సంగీతం చెప్పి వస్తుంది. వచ్చేటప్పుడు పిల్లలే బస్సెక్కిస్తారు. పోయేటప్పుడే తంటా.

ఒకప్పుడు ఆ తంటా కూడా లేదు. ఆమె ఎక్కే కైకలూరు వైపు పల్లె బస్సులు, ఆకుపచ్చ. తాడేపల్లిగూడెం వైపు ఎక్స్‌ప్రెస్‌లు, ఎరుపు. వట్లూరు కాలేజీలవి పసుపు. ఎవరికేం బుద్ధి పుట్టిందో, అంతా కలగాపులగం చేసి పెట్టారు. పల్లె బస్సుకు ఎరుపు పూశారు. ఎక్స్‌ప్రెస్‌కు అద్దాలతో సహా నగల దుకాణం బొమ్మలు అంటించారు. బస్సన్నాక దానికో మొహం ఉండొద్దూ? ఎవరినైనా అడిగితే ఫోన్లోంచి తలెత్తకుండా "ఆ రెడ్‌దేనండీ" అంటారు. అక్కడ ఉన్నవన్నీ రెడ్‌వే.

పోయిన నెల అలాగే ఒక ఎర్ర బస్సెక్కి తాడేపల్లిగూడెంలో తేలింది. భర్త ప్రసాదరావు వెళ్లి తీసుకొచ్చాడు. ఇంటికొచ్చాక మెత్తగా చెప్పాడు.

"ఇంకోసారి దారి తప్పావంటే ఈ ప్రయాణాలు మానేద్దాం శకుంతలా."

మానేద్దామట. ఆయన మానేదేముంది, రోజూ చదివే ఆ పాడు పేపరా? ఆ పిల్లలు లేకపోతే ఆమెకు వారమంతా వంటిల్లే.

ఈ శుక్రవారం బస్టాండు బయట నిలబడితే, వెలిసిపోయిన పాత ఆకుపచ్చ బస్సొకటి వచ్చి ఆగింది. ప్రాణం లేచొచ్చి గబగబా ఎక్కేసింది. ఎక్కీ ఎక్కగానే నీసు కంపు గుప్పున కొట్టింది. చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. దిగుదామంటే బస్సు కదిలిపోయింది.

"అమ్మగారూ, ఇది రొయ్యల కంపెనీ బస్సండీ," అంది పక్క సీటామె. పేరు సలోమి, రొయ్యలు వలిచే పనికి పోతోంది. "పాత పల్లె బస్సుని వేలంలో కొన్నారండీ. రంగు మార్చలేదు. మీరెక్కడికండీ?"

మళ్లీ తప్పు బస్సే ఎక్కానని శకుంతలకు అర్థమైంది. ఇక ఇంట్లో కూర్చోవలసిందే అనుకుంటూ ఊరి పేరు చెప్పింది.

"మా కంపెనీ ఆ ఊరు దాటాకేనండీ. డ్రైవరుతో చెబుతాను, దింపేస్తాడు."

ఊపిరి పీల్చుకుందామంటే కంపు. చేపల చెరువులు దాటుతున్నంతసేపూ ఆమె చెంగు తియ్యలేదు. అందరూ చూస్తున్నారని సిగ్గేసింది, అయినా తియ్యలేకపోయింది.

"మాకూ మొదట్లో అన్నం దిగేది కాదండీ," అంది సలోమి, ఏమీ అనుకోకుండా. "ఎంత కడిగినా ఈ బస్సుకి వాసన పోదు. వచ్చే నెల తెల్ల రంగు వేస్తారంటండీ."

"దీన్నీ వదలరన్నమాట," అంది శకుంతల కసిగా.

పాఠం వేళకే ఊళ్లో దిగింది. సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే ప్రసాదరావు ముక్కు మూసుకున్నాడు.

"ఏమిటే ఈ కంపు?"

"రొయ్యల కంపెనీ బస్సెక్కానండీ."

"మళ్లీ తప్పు బస్సే ఎక్కావా? నేనేం చెప్పాను?"

"దారి తప్పితే మానేద్దామన్నారు. నేను తప్పలేదు, వేళకే చేరాను. వచ్చే శుక్రవారం కూడా అదే ఎక్కుతాను."

"ఆ రోతలోనా? పైగా దానికీ రేపో మాపో రంగు మార్చేస్తారు. అప్పుడెలా పోల్చుకుంటావు?"

శకుంతల నీసు కొట్టే చెంగును ఆయన ముందుకు చాపింది.

"వేసుకోమనండి ఏ రంగు వేసుకుంటారో. ఈ కంపును మార్చడం వాళ్ల తరం కాదు."